కేక వేయకుండా కట్టిన వాల్వు

మా పాపకు కాలేజీ సీటు పోయిన రోజున ఇంట్లో ఇంటర్నెట్ ఎందుకు రాలేదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు, ఇక చెప్పే వేళ దాటిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఐదేళ్లు గడిపాను. తమ్ముడు కంప్యూటరులో ఆటలాడి లైనంతా లాగేసుకోవడం వల్లే అక్క సీటు పోయిందని మా ఇంట్లోనూ, చుట్టాల్లోనూ అందరూ నమ్మారు. ఆ మాట పుట్టింది నా నోట్లోనే.

పోయిన ఆదివారం మా అబ్బాయి అటక మీది నుంచి పాత వైఫై పెట్టెను దించాడు. వాడిప్పుడు డిగ్రీ ఆఖరు ఏడు. కళ్యాణదుర్గం దగ్గర ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్న వాళ్లక్క ఎండాకాలం సెలవులకు వస్తోంది. బుక్కరాయసముద్రంలోని మా ఇంటికి మేడ మీద ఉన్నది ఒకే గది, అక్కడికి కింది సిగ్నలు అందదు. పాత పెట్టెకు లైను గుచ్చే చోటు విరిగినా మిగతాదంతా బాగానే ఉందని, దాన్ని మెట్ల దగ్గర పెడితే అక్క గదికి సిగ్నలు పోతుందని వాడు దుమ్ము తుడుస్తూ చెప్పాడు. ఆ అక్క ఐదేళ్లుగా వాడితో అవసరానికి మించి మాట్లాడింది లేదు. పక్కపక్కన కూర్చుని అన్నం తింటున్నా, వాడి ముందున్న ఊరగాయ జాడీని అమ్మనడిగి తీసుకుంటుంది. అయినా వాడు ఆమె గదికి సిగ్నలు తేవాలని చూస్తున్నాడు. పెట్టె లోపలి పేజీ తెరవాలి, పాస్‌వర్డ్ చెప్పమన్నాడు. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు, తెరిస్తే అందులో ఏం కనబడుతుందో కూడా నాకే తెలుసు. మరిచిపోయానని చెప్పి పెరట్లోకి పోయి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఈ వయసులో కూడా అబద్ధం అంత సులువుగా వచ్చింది.

నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. పంచాయతీ తాగునీటి పథకంలో ఇరవై ఏళ్లకు పైగా వాల్వులు తిప్పుతున్నాను. మా సీమలో ఆ పని ఎట్లాంటిదో నా తరం వాళ్లకు వివరించనక్కర్లేదు. ఉన్న నీళ్లు అన్ని వీధులకూ చాలవు, ఒక వీధికి విప్పాలంటే ఇంకో వీధికి కట్టాలి. కట్టిన వీధివాళ్లు బిందెలు పట్టుకుని వచ్చి ఏమప్పా అని నిలదీస్తే, మీకు కట్టి వాళ్లకు విప్పినానని చెప్పగల మొనగాణ్ణి నేను చూడలేదు. పాతవాళ్లు నాకు నేర్పిన జవాబులు రెండే. ఒకటి, లైన్లో రిపేరు ఉండాది. అది నమ్మకపోతే రెండోది, పై వీధివాళ్లు కొళాయిలకు మోటార్లు పెట్టి లాగేస్తాండారు. మొదట్లో ఈ మాటలు చెబుతుంటే నాలుక తడబడేది, తరువాత అలవాటయింది, ఇంకొన్నాళ్లకు అవి అబద్ధాలని కూడా తోచేది కాదు.

మా నాయన అట్లా కాదు. ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో నాయనకు, చిన్నాయనకు కలిపి ఒకే బోరు ఉండేది, రోజు మార్చి రోజు వంతు. చిన్నాయన వంతు ముగిసి వాల్వు మీద చెయ్యి వేసే ముందు నాయన గట్టెక్కి, కట్టేస్తాండా అని చేను అవతలికి వినబడేట్టు కేక వేసేవాడు, అటు నుంచి ఊ అని వచ్చేదాకా ఆగేవాడు. ఏదో పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములు ఏడాది పాటు మాటలు మానుకున్నప్పుడు కూడా ఆ కేక ఆగలేదు, ఆ ఊ ఆగలేదు. ఎందుకు నాయనా అని చిన్నప్పుడు అడిగితే, చెప్పకుండా కట్టేస్తే బోరే ఎండిపోయిందేమోనని అవతల పార పట్టుకున్నోని గుండె ఆగిపోతాది కదప్పా అన్నాడు. వాల్వు తిప్పే పనికి పోయిన నాడు నాకు ఆ మాట గుర్తు రాలేదు.

మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చింది బడులు మూతపడిన కాలంలో. పాప ఇంటరు ముగించి ప్రవేశపరీక్ష రాసింది, అబ్బాయి పదో తరగతి. కేబులాయన గోడకు పెట్టె బిగించి, ఎవరి ఫోనుకు ఆపాలన్నా, ఎవరికి వదలాలన్నా ఎట్లా చెయ్యాలో లోపలి పేజీలో నాకు చూపించి పోయాడు. అచ్చం నా వాల్వుల గుంతే అనిపించింది. నలుగురు ఒకేసారి వాడుకున్నా చాలుతుందని ఆయన ఎంత చెప్పినా నమ్మలేదు, నలుగురికీ చాలుతుందనే మాట మా జిల్లాలో దేని గురించీ విన్నవాణ్ణి కాదు. కాగితం మీద వంతులు రాసి గోడకు అంటించాను. ఇంట్లో వైఫై ఉండగా దండగని పాప ఫోనులో డేటా వేయించడం మానేశాను. పిల్లలు నవ్వుకునేవాళ్లు. నాయనా, మా వీధికి ఈ పొద్దు నీళ్లు ఇడుస్తావా, ధర్నా చేయాల్నా అని పాప వంటింట్లోంచి ఎగతాళి పట్టేది. ఆ మాట వినడం కోసమే ఒక్కోసారి ఐదు నిమిషాలు ఆలస్యంగా వదిలేవాణ్ణి. మా ఇంట్లో అందరం కలిసి నవ్విన రోజులు అవే.

ఆ పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే పాప ఫోనులో స్నేహితురాలితో మాట్లాడుతూ నవ్వుతోంది. ముందు రోజంతా కూడా అదే వరస. ఈమెకు పరీక్ష అయిపోయింది, వాడికింకా క్లాసులున్నాయి, నిండిన వీధికి మళ్లీ నీళ్లెందుకు అనుకున్నాను. ఆమెను ఒక్క మాట అడగలేదు, ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పులు తొడుక్కుంటూనే పేజీ తెరిచి, ఆపివేసిన ఫోనుల జాబితాలో ఆమె ఫోను చేర్చి వెళ్లిపోయాను. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నది వ్యవసాయ డిగ్రీకి ఏ కాలేజీ పేరు ముందు పెట్టాలి, ఏది తరువాత పెట్టాలి అని. ఇంటర్నెట్‌లోనే ఆ పేర్లు పెట్టుకోవాలి, గడువు ఆ సాయంత్రం ఐదు గంటలకు ముగుస్తుంది. ఇదంతా నాకు తరువాత తెలిసింది.

వస్తుందిలే, వస్తుందిలే అని పాప మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, నాలుగు గంటలప్పుడు వాళ్లమ్మ దగ్గరున్న, నెట్ రాని చిన్న ఫోను నుంచి నాకు చేసింది. నేను వాల్వు గుంతలో మోకాటి లోతు బురదలో ఉన్నాను, పైన రెండు వీధుల ఆడవాళ్లు నా తల మీదుగా తిట్టుకుంటున్నారు. నెట్ రావడం లేదు, ఏదో గడువు ఉందని అంటోంది, సగమే వినబడింది. నిజం చెప్పడానికి ఆ సగం చాలు. కానీ నోటికి వచ్చింది అలవాటైన మాట, లైన్లో రిపేరంట అన్నాను. తమ్ముడి కంప్యూటరుకు వస్తోంది కదా అంది. అట్లయితే వాడి ఆటే లాగేస్తాంటాది, ఆపమను అని ఫోను పెట్టేశాను.

వాడు ఆట ఆడడం లేదు, బడివాళ్లు కంప్యూటరులో పెట్టిన పరీక్ష రాస్తున్నాడు. “పది నిమిషాలు ఆగక్కా, అయిపోతానే కంప్యూటరు నీకే ఇస్తా” అన్నాడట. నేను అట్లా చెప్పి ఉండకపోతే ఆమె ఆగేది. ఆట కోసం అబద్ధమాడుతున్నాడని కోపం వచ్చి, కంప్యూటరు తీగ అనుకుని పెట్టెకున్న లైను తీగనే పట్టి లాగింది, గుచ్చే చోటు విరిగిపోయింది, ఇంటికంతటికీ నెట్ పోయింది. తల్లీబిడ్డా ఆటో ఎక్కి అనంతపురంలో ఇంటర్నెట్ సెంటరుకు పరిగెత్తారు. అక్కడ వాళ్ల ముందు చాలామంది ఉన్నారు, వంతు వచ్చేసరికి గడువు మూసుకుపోయింది. రెండో విడతకు ఆ సీట్లు మిగల్లేదు.

నేను ఇంటికి చేరేసరికి పాప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వాళ్లమ్మ అబ్బాయిని తిడుతోంది, వాడు పరీక్ష రాస్తుంటినని చెబుతూనే ఉన్నాడు. అప్పుడు నేను కూడా వాణ్ణి రెండు మాటలన్నాను. ఈ మొత్తంలో రాయడానికి చెయ్యి ఆడని వాక్యం ఇదే. కొన్నాళ్లకు వాడు చెప్పడం మానేశాడు. కేబులాయన కొత్త పెట్టె బిగించాడు, పాతది అటకెక్కింది, గోడ మీది వంతుల కాగితం నేనే చించేశాను. మళ్లీ ఎవరికీ ఏదీ కట్టలేదు. ఇప్పుడు ఎవరి ఫోనులో డేటా వారిదే, ఎవరి వంతు కోసమూ ఎవరూ కాచుకోరు, నీళ్లు ఇడువు నాయనా అని వేళాకోళం చేసేవాళ్లూ లేరు. కరువులో పంచుకుని తిన్నప్పుడు ఉన్న మాటలు, అందరికీ చాలినంత వచ్చాక మా ఇంట్లో లేకుండా పోయాయి. ఆ మాటలు పోయింది కాలం మారి కాదని నాకు తెలుసు.

పెరట్లో ఎంతసేపు కూర్చున్నానో గాని, లోపలికి పోయి పాస్‌వర్డ్ చెప్పాను. అబ్బాయి పేజీ తెరిచాడు. ఆపివేసిన జాబితాలో ఒకే ఒక పేరు ఉంది, పాప ఫోన్ అని నేను పెట్టిందే. వాడు దాని మీద వేలు పెట్టాడు. ఆ పొద్దుదేనా నాయనా అని అడిగాడు. అవునన్నాను, జరిగినదంతా చెప్పాను, నిన్ను అన్నందుకు క్షమించు అబ్బీ అన్నాను. వాడు, నాకు చెప్పేది తరువాత, ముందు అక్కకు చెప్పు అన్నాడు, తన ఫోను నా చేతికిచ్చి మెట్ల మీద నా పక్కనే కూర్చున్నాడు.

తరువాత పాప ఏమన్నదో రాయను. చివరికి ఫోను తమ్ముడికి ఇమ్మన్నదని మాత్రం చెబుతాను. నేనన్నది మాత్రం, అన్నది అన్నట్టుగా ఇక్కడ పెడుతున్నాను.

“పాపా, ఆ పొద్దు నీకు నెట్ కట్టేసింది నేను. కట్టేస్తాండానని ఒక్క కేక వేయకుండా కట్టేసినా. నువ్వు అడిగితే తమ్ముని మీదికి తోసేసినా. వాడు ఆట ఆడలేదు, పరీక్ష రాస్తాండె. నీ సీటు పోయింది నా వల్ల, వాని వల్ల కాదు. తప్పు నాది, క్షమించమ్మా.”