బాపట్ల బడి గోడకి రంగు వేశారు

2007 డిసెంబరు 12, బుధవారం. పొద్దున మంచు, తొమ్మిదింటికల్లా ఎండ. షాపు ముందు ఊడ్చి నీళ్లు చల్లాను.

రోజూ జమాఖర్చు రాసుకోవడం తప్ప నాకు మరో రాత అలవాటు లేదు. అందుకే ఇదీ అలాగే మొదలైంది. డ్రాయింగ్ టీచరమ్మగారు కిందటి నెలాఖరున రేపల్లెలో పోయారు. వాళ్ల తమ్ముడు ఫోను చేసి, "అక్క పోయిందండి. మీకు చెప్పమంది," అన్నాడు. ఆమె జ్ఞాపకంగా సంచిక వేస్తున్నామని, నాలుగు మాటలు రాయమని బాపట్లలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు అడిగారు. రాస్తున్నాను. మీకు నచ్చేలా రాయలేను.

తెనాలి స్టేషను దగ్గర నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు చేస్తాను. కంప్యూటరు ఎవరూ నేర్పలేదు, పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. ఆమె ఇల్లు రేపల్లె, ఉద్యోగం బాపట్ల. రైలు మారడానికి తెనాలిలో దిగేవారు. ఒకరోజు ప్రశ్నపత్రం టైపు చేయించుకోడానికి వచ్చి, కాగితం వెలుగుకి పెట్టి చూసి, "అక్షరాలన్నీ ఒకే సబ్బుతో తోమినట్టున్నాయేంటి అబ్బాయ్?" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు నన్ను ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్లారు. అంచున అరిగిపోయిన రాయి మీద పల్చటి కాగితం పరిచి, 'ర' ఆకారంలో ఖాళీ కత్తిరించిన అట్టని దాని మీద పెట్టి, ఆ ఖాళీలో మైనపు క్రేయానుతో రుద్దారు. అట్ట తీస్తే ర వచ్చింది, ఒళ్లంతా రాయి గరుకుతో.

అలా ఒక్కో అక్షరంతో కొత్త ఫాంటు కట్టడం మొదలై ఏళ్లు సాగింది. కొన్ని అక్షరాలు తెనాలి బజారులో తుప్పుపట్టిన షట్టర్ల మీంచి, కొన్ని రేపల్లెలో రివెట్లు కొట్టిన ఇనప దూలాల మీంచి తెచ్చారు. నేను వాటిని స్కాన్ చేసి, మచ్చమచ్చకీ గీత కట్టి ఫాంటులోకి ఎక్కించేవాణ్ణి. శుభ్రంగా ఉంటుందని ఒక్క మచ్చ చెరిపినా కనిపెట్టేసేవారు. "ఆ దెబ్బ గోడకి తగిలింది, నీకు కాదుగా. ఉండనీ," అనేవారు. షట్టరు మీద రుద్దుతుంటే కొట్టువాడొకడు, మున్సిపాలిటీ నుంచి వచ్చారా అని భయంభయంగా అడిగాడు. "అవునండి, కొలతలు," అని నిమ్మళంగా పని కానిచ్చుకున్నారు.

అచ్చులు మాత్రం బాపట్ల బడి వెనక గోడ నుంచే రావాలన్నారు. సముద్రపు గాలికి ఉప్పు పొంగి, ఏటేటా వేసిన సున్నం పొరలు పొరలుగా లేచిన గోడ అది. దాని నీడలోనే కూర్చోబెట్టి పిల్లలకి బొమ్మలు నేర్పారు. అచ్చులన్నీ వచ్చాయి, ఐ, ఔ తప్ప. ఇంతలో వానలు పట్టాయి. తడిగోడ మీద కాగితం చిరుగుతుంది, ఆరాక తీద్దామన్నారు. గోడ ఆరేలోగా ఆమె మంచం పట్టారు. చూడ్డానికి వెళ్తే జబ్బు మాట ఎత్తనివ్వలేదు.

"గోడ ఆరగానే ఆ రెండూ నువ్వే తీసెయ్ అబ్బాయ్. గట్టిగా రుద్దకు, పెచ్చు రాలుతుంది," అన్నారు.

ఇవాళ అట్టలు, కాగితం పట్టుకుని బాపట్ల వెళ్లాను. గోడ గంధం రంగులో నున్నగా మెరుస్తోంది. దాని మీద ఆమె ఫోటోతో ఫ్లెక్సీ. సంతాపసభ కోసం రంగు వేయించారట. ఆ పని చేయించిన పాత విద్యార్థి, ఇప్పుడు కాంట్రాక్టరు, అక్కడే ఉన్నాడు.

"మేడంగారి మీటింగు పెడుతూ ఆ పెచ్చుల గోడేం బాగుంటుందండి అన్నయ్యా? మొత్తం గీకించి, పుట్టీ పెట్టించాం. సున్నం కాదండి, ఎమల్షను. ఎంత వానొచ్చినా కదలదు."

రెండు అక్షరాల సంగతి చెప్పాను. అతను తేలిగ్గా నవ్వాడు.

"రెండేగా అండి. పక్కవాటిని చూసి కంప్యూటర్లో గీసేయండి. ఎవరికి తెలుస్తుంది?"

అతనికి ఇవ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివే మీలో చాలామంది ఆ రంగుకి చందా ఇచ్చినవాళ్లే. ప్రేమతోనే ఇచ్చారు. ఆ ప్రేమే నాకు మింగుడు పడటం లేదు. ఏళ్ల తరబడి ఆ గోడకి ఎదురుగా కూర్చుని బొమ్మలు వేశారు. ఆమె చెయ్యి దాని మీద ఎలా తిరిగేదో ఒక్కరూ చూడలేదా? ఆమె మీదా కోపంగానే ఉంది. ఈ గోడని ముట్టుకోవద్దని బడివాళ్లకి ఒక్కమాట చెప్పమని నేను ముందే అన్నాను. "పాతగోడ ఉంచమంటే పిచ్చిదనుకుంటారు, ఊరుకో," అన్నారు. బజారులో మున్సిపాలిటీ పేరు చెప్పి నెగ్గుకొచ్చిన మనిషి సొంత బడిలో మొహమాటపడ్డారు.

తిరిగి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఫ్లెక్సీ పక్కన, ఆ కొత్త రంగు మీదే కాగితం పరిచాను. గాలికి లేస్తుంటే అడక్కుండానే అతను రెండు మూలలూ పట్టుకున్నాడు. గట్టిగానే రుద్దాను. రాలడానికి ఏమీ లేదు. ఐ వచ్చింది, ఔ వచ్చింది. రోలరు వదిలిన సన్నటి బొడిపెలు, రెండింటికీ ఒళ్లంతా చెమటకాయలు పేలినట్టు.

అతను కాగితం ఎత్తి చూసి, "ఫినిషింగు బాగా వచ్చిందండి," అన్నాడు.

ఆ రెండూ అలాగే ఫాంటులోకి వెళ్తాయి. మిగతా అక్షరాల పక్కన అతకవు. అతకకూడదు. ఈ సంచిక ఆమె అక్షరాలతోనే అచ్చు వేయాలని మీరే తీర్మానించారు. ఐ, ఔ వచ్చిన చోటల్లా మీరు వేయించిన రంగు మీకు కనబడుతుంది.

సాయంత్రం ప్యాసింజరుకి తెనాలి వచ్చాను. ఔని స్కానరు మీద బోర్లా పెట్టి, మూత వేయకుండా మీట నొక్కాను. దీపం కాగితం కింద మెల్లగా జరిగింది. బొడిపెలు వరసగా వెలుగుతూ, వెనకే ఆరిపోతూ, చివరిదాకా వెళ్లాయి. తర్వాత, రేపు ఇవ్వాల్సిన పెళ్లికార్డు ప్రూఫు తీసి దిద్దడానికి కూర్చున్నాను.