ఐదు రోజులు కనిపించని వాళ్ల కోసం

నర్సమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఆదోని పత్తి మార్కెట్ యార్డులో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రోజు వచ్చిన లాట్ల నంబర్లు ఎక్కిస్తున్నాను. ఆమె అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నమ్మ ఇంక లేదక్కా. డయాలసిస్ మీద ఉండంగానే గుండె ఆగిపాయె" అన్నాడు. కిటికీ అవతల హమాలీలు పత్తి బోరాలు దించుతూ ఏదో మాటకు నవ్వుకుంటున్నారు. నేను మిగిలిన నంబర్లు కూడా ఎక్కించాను. చేతులు వాటంతట అవే పని చేశాయి. అన్నీ అయ్యాక, ఈ సంగతి ఇంకా ఇరవై ఎనిమిది మందికి చెప్పాలని గుర్తొచ్చింది. వాళ్లలో సగం మంది ఆమె ముఖం ఎప్పుడూ చూడలేదు. అయినా వాళ్లందరి నంబర్లూ, వాళ్లింట్లో మరొకరి నంబరూ, ఎవరికి షుగరో ఎవరికి ఫిట్సో కూడా ఆమె నోటుబుక్కులో ఉన్నాయి.

మేమంతా కలిసి ఫోన్‌లో ఒక ఆట ఆడేవాళ్లం. మమ్మల్ని కలిపిన చుట్టరికం అదొక్కటే.

నర్సమ్మ మా పక్క పోర్షన్‌లో ఉండేది. ముప్పై ఏళ్లకు పైగా కౌతాళం వైపు ఊళ్లలో సర్కారు నర్సుగా తిరిగి, రిటైరయ్యాక ఆదోని చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరింటికి పోయినా గడప బయటే నిలబడి, "యాడుండారమ్మా?" అని పిలిచి, లోపలి నుంచి జవాబు వచ్చాకే అడుగు పెట్టేది. మనిషి ఎదురుపడగానే ముందు చేసే పని, బొటనవేలితో కింది కనురెప్ప లాగి చూడటం. మా ఇంటికి వచ్చిన మొదటి రోజే నా రెప్ప లాగి చూసి, "నీకు రక్తం లేదు పాపా. కంప్యూటర్ ఎట్ల నొక్కుతాండావు?" అంది.

మోకాలి ఆపరేషన్ అయి ఆమె మంచం మీద ఉన్న నెలలో, కాలక్షేపానికని నేనే ఆమె ఫోన్‌లో ఈ ఆట పెట్టాను. ఇందులో ఒక్కొక్కరికి ఒక్కో ఊరు. రోడ్లు వేయాలి, ఇళ్లు కట్టాలి. ముప్పై ఊళ్లు కలిస్తే ఒక సంఘం. ఓడరేవు, పెద్ద వంతెన లాంటివి సంఘమంతా కలిసి కట్టాలి. ప్రతి ఊరూ తన వాటా సిమెంటూ ఇనుమూ పంపితేనే పని కదులుతుంది. ఒకరు ఆట తెరవడం మానేస్తే వాళ్ల వాటా ఆగిపోతుంది. సీటు మాత్రం ఖాళీ కాదు. కట్టేది సగంలో నిలిచిపోతుంది. అలాంటి వాళ్లను తీసేసే బటన్ లీడరు చేతిలో ఉంటుంది. అప్పట్లో మా సంఘానికి లీడరు నేనే. నా ఊరు పేరు దూదిపట్నం. నర్సమ్మ తన ఊరికి పాపాయిపేట అని పేరు పెట్టుకుంది.

ఐదు రోజులు ఆట తెరవకపోతే తీసేయడం నేను పెట్టిన నియమం. ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు. పేరు పక్కన 'ఐదు రోజుల క్రితం' అని కనిపిస్తే నొక్కేసేదాన్ని. ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ నర్సమ్మ అది చూసింది.

"ఏమైనాడు ఆయప్ప?"

"ఏమో. ఆడటం లేదు."

"అడిగితివా?"

"అందరినీ ఎక్కడ అడుగుతాం నర్సమ్మా? ఆట ఇది."

ఆమె ఇంకో కాయ అందుకుంది. తర్వాత తన ఉద్యోగం తొలినాళ్ల సంగతి ఒకటి చెప్పింది. కౌతాళం పక్కన ఒక పల్లెలో తొలిచూలు గర్భిణి ఒకామె మూడు నెలలు వరసగా పరీక్షకు రాలేదట. ఆ ఇల్లు ఊరి చివర. ఎండ. రిజిస్టరులో 'ఊరిలో లేదు' అని రాసి నర్సమ్మ వెనక్కి వచ్చేసింది. ఆ పిల్ల ఊళ్లోనే ఉంది. కాళ్లు వాచి, చూపు మసకబారి, నడవలేక లోపలి అర్రలో పడుకుని ఉంది. ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చి తల్లీ బిడ్డా పోయారు.

"ఎవురూ నన్ను ఒక మాట అనలేదు పాపా. రిజిస్టరు సక్కగా ఉండాది గదా. వాల్లమ్మ మాత్రం కన్నడంలో ఒకటే అడిగింది, ఆ పొద్దు నువ్వు మా వాకిట్లోకి వచ్చింటివా అని. రాలేదని సెప్పినా. ఆయమ్మ తల ఊపింది, అంతే."

చిక్కుడు గింజలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. నేను విన్నాను గానీ నా నియమం మార్చుకోలేదు. చావుబతుకుల సంగతికీ, ఫోన్‌లో ఆటకూ పోలిక ఏమిటని లోలోపల అనుకున్నాను కూడా.

మా సంఘంలో కండెపురం అని ఒక ఊరు ఉండేది. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తానని ఛాట్‌లో చెప్పుకున్న అతనిది. మనిషిని మాలో ఎవరూ చూడలేదు. అతను అందరికంటే ముందు తన వాటా పంపేవాడు, ఎవరికి ఇనుము తగ్గినా అడక్కుండానే సర్దేవాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి కనిపించకుండా పోయాడు. అప్పుడు పెద్ద పోటీ నడుస్తోంది. మా ఓడరేవు అతని వాటా దగ్గర ఆగింది. తీసేయమని ఛాట్‌లో అందరూ ఒకటే ఒత్తిడి. మంచి ఆటగాడని ఐదు రోజులు దాటినా ఆగి, తొమ్మిదో రోజున నొక్కేశాను. ఆ సీటులోకి కొత్త మనిషి వచ్చాడు, ఓడరేవు పూర్తయింది, మాకు మూడో స్థానం దక్కింది. నేను నొక్కినప్పుడు నర్సమ్మ కిడ్నీ పరీక్షల కోసం మూడు రోజులు కర్నూలులో ఉంది.

తిరిగి వచ్చి సంఘంలోని ఊళ్ల పట్టీ చూసింది. "కండెపురం యాడ?"

చెప్పాను. ఆమె కేకలేయలేదు. చెప్పులేసుకుంటూ, "పా, ఎమ్మిగనూరు పోయొద్దాం" అంది.

"నంబరు లేదు, పేరు కూడా తెలీదు. ఎట్లా వెతుకుతాం?"

"నేను ముప్పై ఏండ్లు ఎట్ల ఎతికినానో అట్లే."

ఆ ఆదివారం బస్సెక్కాం. నేతగాళ్ల వీధుల్లో మగ్గాల చప్పుడు వినిపించే ప్రతి గడప ముందూ నిలబడి ఆమె, "యాడుండారమ్మా?" అని పిలిచేది. ఫోన్‌లో ఊళ్లు కట్టే ఆట ఆడే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగేది. కొందరు నవ్వారు. ఒకాయన మమ్మల్ని సర్వే వాళ్లనుకుని ఆధార్ కార్డు తెచ్చాడు. మూడో వీధిలో ఒక ముసలామె నూలు కండెలు చుడుతూ, "ఆ ఆట పిచ్చోడా? కాళ్లూసేతులూ పడిపోయి పండుకోనుండాడు, పాపం. ఆ నీలం తలుపు" అని చూపించింది.

గుంట మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దాని పక్కన చాప మీద అతను. ముప్పై ఐదు కూడా ఉండవు. కుడి చెయ్యి, కుడి కాలు కదలటం లేదు, నోరు ఒక పక్కకు జారింది. మగ్గం మీదే కూలబడ్డాడట. ఎవరో చెప్పారని పసరు వైద్యానికి తీసుకుపోయి, నూనె పట్టిస్తూ ఇంట్లోనే ఉంచారు. నర్సమ్మ పక్కన కూర్చుని సంచిలోంచి తన పాత బీపీ మిషన్ తీసి చూసింది. చూశాక ఇంకోసారి చూసింది.

"ఎన్ని దినాలాయె?"

"పన్నెండు" అంది భార్య. తర్వాత నా వైపు తిరిగి, మేం ఎవరమో అప్పుడే తెలిసినట్టు, "ఈ ఆట ఆడేటోల్లేనా మీరు? మొన్న ఫోన్‌లో ఏందో వచ్చిందని ఆయనకు సూపిచ్చినా. మిమ్మల్ని తీసేసినారని ఉన్నిందంట. మొగం గోడ పక్కకు తిప్పుకున్నాడు. ఆ పొద్దంతా గంజి కూడా తాగలేదు" అంది.

అతను నన్ను చూస్తున్నాడు. నేను మగ్గం మీది సగం చీర వైపు చూపు తిప్పుకున్నాను.

నర్సమ్మే ఆటో మాట్లాడి ఆదోని ఆస్పత్రికీ, అక్కడి నుంచి కర్నూలుకీ పంపించే ఏర్పాటు చేసింది. ప్రాణం నిలిచింది. మాట కొంత వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. రెండు నెలల తర్వాత మగ్గం విప్పేశారు.

బస్సులో తిరిగి వస్తూ ఆమె కిటికీ వైపు చూస్తూ అంది. "తీసెయ్యొద్దనను పాపా. అందరి పని ఆగిపోతాంటే ఎట్ల? అడిగి తీసెయ్. మూడో దినం ఒక ఫోన్ పోయింటే, ఆడికి మనిషి పోయింటే, ఏమయ్యిండేదో. సెయ్యి దక్కేదేమో, దక్కకపోయిండునేమో. మనకు ఇంక తెలీదు."

ఆ తెలియకపోవడం ఇప్పటికీ నాతోనే ఉంది.

ఆ వారమే లీడరు పదవి ఆమెకు ఇచ్చేశాను. కండెపురాన్ని వెనక్కి పిలిచింది. అతను ఎడమ చేత్తో ఆడటం నేర్చుకున్నాడు. కొత్తగా చేరేవాళ్లు తమ నంబరూ, ఇంట్లో ఇంకొకరి నంబరూ ఇవ్వాలని నియమం పెట్టింది. మూడో రోజు ఛాట్‌లో పలకరింపు, ఐదో రోజు ఫోన్. మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోయే వాళ్ల కోసం రెండో సంఘం ఒకటి తెరిచింది. పని ఉన్నన్నాళ్లు వాళ్ల ఊళ్లు అందులో ఉండేవి, వచ్చాక మళ్లీ ఇటు వచ్చేవాళ్లు. ఊరికే విసుగొచ్చి మానేసినవాళ్ల మీద ఆమెకు జాలేమీ ఉండేది కాదు. "బోరు కొట్టిందా? మంచిది నాయనా. సీటు ఇడిసిపెట్టు, ఇంకొకరు ఆడుకుంటారు" అని అప్పటికప్పుడే తీసేసేది. "మనసు లేక పోయినోడు వేరే, రాలేక పోయినోడు వేరే. ఫోన్‌లో ఇద్దరూ ఒకే తీరు కనపడతారు, అదే మాయ" అనేది.

అన్నిసార్లూ ఆమె ఫోన్ పనిచేయలేదు. తుగ్గలి వైపు నుంచి ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె మాతో ఆడేది. ఊరంతా పూలచెట్లు పెట్టేది. ఒకసారి ఐదు రోజులు కనిపించలేదు. నర్సమ్మ ఫోన్ చేస్తే అన్న ఎత్తాడు. "ఆ ఫోన్ ఇప్పుడు నా దగ్గరే ఉండాది. దానికి చదువూ వద్దు, ఫోనూ వద్దు. సంబంధం కుదిరింది. నువ్వెవరు అడిగేదానికి?" అన్నాడు. వయసెంతని ఈమె అడిగింది. అవతల పెట్టేశాడు. తనకు తెలిసిన అంగన్‌వాడీ టీచరుకు చెప్పించింది, ఇంకెవరెవరికో చెప్పించింది. వాళ్లు ఆ ఇంటికి పోయేలోపే అమ్మాయిని పెళ్లికని బళ్లారి దగ్గర ఎక్కడికో చేర్చారని తెలిసింది. నర్సమ్మ ఒక నెల ఆ సీటు అలాగే ఉంచింది. ఎవరూ ఏమీ అనలేదు. నెల దాటాక తనే తీసేసింది. ఆ రోజు మధ్యాహ్నం నేను పంపిన సంగటి గిన్నె సాయంత్రం మూత తీయకుండానే తిరిగొచ్చింది.

తర్వాత ఆమె కిడ్నీలు పూర్తిగా చెడ్డాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్, ఆపైన మూడు. ఒక చేతికి గొట్టాలుంటే ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని వాటాలు పంపేది. పక్క మంచాల మీది వాళ్లను ఇద్దరిని సంఘంలో చేర్చింది కూడా. ఒకాయన రెండు నెలలే ఆడాడు. ఆయన విషయంలో ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని పడలేదు. మంచం ఖాళీ అవడం ఆమె కళ్లారా చూసింది.

పోవడానికి మూడు వారాల ముందు లీడరు పదవిని కండెపురం అతనికి ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. స్పీకరులో పెట్టి మాట్లాడింది.

"తీసేస్తే ఎట్లుంటాదో నీకు తెలుసు గదప్పా. అందుకే నీకు ఇస్తాండా. నాకు మాత్రం ఐదు దినాలే. ఆరో దినం నొక్కు. నన్ను ఎతుక్కోని యాడికీ పోవద్దు."

అతను అవతల ఏదో అనబోయాడు. మాటలు ముద్దగా వచ్చాయి. "నాకు అర్థమాయె, ఇంక పెట్టెయ్" అని ఆమే పెట్టేసింది. ఆ తర్వాత నా రెప్ప లాగి చూసింది. "ఇంగా అట్లే ఉండావు" అంది.

సమాధి దగ్గరికి సంఘం వాళ్లు పద్నాలుగు మంది వచ్చారు. చర్చి ఫాదర్ ప్రార్థన చదువుతుంటే వేరువేరుగా నిలబడ్డారు, ఎవరికీ ఎవరూ తెలియదు కాబట్టి. అంతా అయ్యాక ఒకామె నా దగ్గరికి వచ్చి సందేహంగా, "మీరు దూదిపట్నమా?" అని అడిగింది. అవునన్నాను. "నాది మిట్టపురం" అంది. ఆ మాట విని ఇంకొకాయన దగ్గరికి వచ్చాడు, నాది ఏటిగడ్డ అన్నాడు. అలా ఒక్కొక్కరే వచ్చి తమ ఊరు చెప్పుకున్నారు. ఎప్పుడెప్పుడు ఆమె ఫోన్ చేసిందో చెప్పుకున్నారు. కృష్ణగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, భార్య పోయిన వారంలో తనకు అన్నం తిన్నావా అని ఫోన్ చేసింది ఆమె ఒక్కతేనని చెప్పి, తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. కండెపురం అతను భార్య భుజం పట్టుకుని అందరికంటే చివర నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయాను. ఎమ్మిగనూరులో చెప్పలేకపోయిన మాట చెప్పాలనుకున్నాను. అతను తల అడ్డంగా ఊపి, వద్దన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తాడు.

ఆరో రోజు యార్డులో ఉండగా అతని ఫోన్ వచ్చింది.

"మేడం... నొక్కేదా?"

"నొక్కప్పా" అన్నాను.

సంఘం నుంచి తీసేసినా ఊరు చెరిగిపోదు. పేరు తెలిసినవాళ్లు వెతికి చూడొచ్చు. ఆ మధ్యాహ్నం పాపాయిపేటను వెతికి తెరిచాను. బడి ముందు పసుపు బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ కదిలింది. ఊరి చివర ఆమె వేసిన మొక్కజొన్న చేను కోతకొచ్చి నిలబడి ఉంది. ఆ చేను కోయాలంటే ఆ ఊరు కట్టిన మనిషి వేలే తగలాలి, చూడ్డానికి వచ్చినవాళ్లు ఎంత నొక్కినా తెగదు. అయినా నేను నొక్కాను. కంకులు కొంచెం ఊగి, మళ్లీ నిటారుగా నిలబడ్డాయి.