వావిలి, సంభాలూ, వైటెక్స్

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా చెల్లెలు తొలి కాన్పుకు జడ్చర్లలో నా ఇంటికే వచ్చింది. అప్పుడు నేను అక్కడి జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతూ, ఒక కొత్త కాలనీలో కిరాయికి ఉండేదాన్ని. ఆడపిల్ల పుట్టింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఆత్మకూర్ దగ్గరి మా ఊరి నుంచి అవ్వ బస్సు దిగింది. పాపను ఒళ్లోకి తీసుకోకముందే నాకు పని చెప్పింది.

"బాలెంతకు వావిలాకు నీళ్లు పొయ్యాలె. నాలుగు కొమ్మలు తెంపుకరా."

వావిలి పేరు చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ఆ ఆకుల్ని కాగులో మరిగి నల్లబడ్డాకే చూశాను, చెట్టు మీద ఎన్నడూ చూడలేదు. ఆ మాట అవ్వతో చెప్పడానికి సిగ్గేసింది. మార్కెట్లో అడిగాను. బస్టాండు దగ్గర మూలికలమ్మే ముసలాయన్ని అడిగాను. ఎండు వేర్లే ఉన్నాయి, పచ్చి ఆకు లేదన్నాడు. వట్టి చేతులతో తిరిగొస్తుంటే నేను ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దావిడ గేటు దగ్గర పలకరించింది. సంగతి చెప్పాను.

"బాలెంత నీళ్లకా? మా పెరట్ల సంభాలూ ఉంది, తీస్కపో బేటీ. మా కోడలికి గవ్వే కాగవెట్టిన."

"సంభాలూ కాదు ఖాలా, అవ్వ వావిలి అడిగింది."

తెలియని ఆకు బాలింత ఒంటికి తగిలించాలంటే భయమేసింది.

"ఎందుకంత ఫికర్? జర వచ్చి సూడరాదు?"

వెళ్లి చూసి నిలబడిపోయాను. నాకంటే ఎత్తయిన పొద. ఒక్కో కాడకు అయిదేసి ఆకులు, వాటి అడుగున బూడిద తెలుపు, కొమ్మల చివర్న చిన్న నీలం పూలు. కాలేజీ ల్యాబులో ఈ కొమ్మనే ఎండబెట్టి అట్టకు అంటించి ఉంది. దాని కింద వైటెక్స్ నెగుండో అని రాసింది నేనే. ఏటేటా పిల్లలతో దాని బొమ్మ గీయించేదాన్ని.

ఒక ఆకు నలిపాను. ఘాటు ముక్కుకెక్కింది. చెల్లెలు పుట్టినప్పుడు మా వాకిట్లో వారం రోజులు నిలిచిన వాసన అది.

ఇంతలో అవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా చేతిలోని ఆకు లాక్కుని వాసన చూసింది.

"గిదేనే వావిలి! గోడ పక్కన వెట్టుకొని ఊరంత తిరిగినవా? నువ్వు పోరగాండ్లకు సెప్పేది చెట్ల సదువేనా?"

ఖాలా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆ పూట చెల్లెలు వేడినీళ్లు పోసుకుని, కాన్పయ్యాక మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

సోమవారం పచ్చికొమ్మ పట్టుకుని క్లాసుకు వెళ్లాను. అట్ట మీద వావిలి, సంభాలూ కూడా రాస్తుంటే మక్తల్ నుంచి వచ్చే ఒకమ్మాయి లేచింది.

"మేడం, మా అమ్మమ్మ కన్నడామె. దీన్ని లక్కి అంటది."

అదీ రాశాను. మిగిలినవాళ్లకు ఇంటి చుట్టూ ఉన్న పొదల పేర్లు అడిగి, ఒక్కో కొమ్మ తెమ్మని చెప్పాను. మర్నాడు బెంచీల నిండా కొమ్మలే. అందులో మూడింటి పేర్లు తెచ్చినవాళ్లకూ తెలియవు, నాకూ తెలియవు. వాటిని సంచీలో వేసుకుని సాయంత్రం అవ్వ ముందు పెట్టాను. అవ్వ ఖాలాను కూడా పిలిచింది. ఇద్దరూ ఒక్కో ఆకూ నలుపుతూ పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. నేను చాయ్ పెట్టి, చెప్పినవన్నీ రాసుకున్నాను.