సారు విజిల్‌కు కార్జం ముక్క

పిల్లలూ, మొన్న వీడియో కాల్‌లో మీ కుక్కపిల్లను చూపించి, దీనికి కొట్టి నేర్పాలా, పెట్టి నేర్పాలా అని అడిగారు కదా. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడు పక్కింటి సారు మా వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు మరి. ఇప్పుడు చెబుతాను.

కంటి ఆపరేషన్‌కు నేను హనుమకొండ దవాఖానాకు పోయినప్పుడు, మన పమేరియన్ కుక్కను చూసుకుంటానని సారే ముందుకొచ్చాడు. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైనా, మెడలో విజిల్ మాత్రం తీయలేదు.

"నువ్వు పో అక్కా, ఫికర్ చెయ్యకు. నువ్వొచ్చేసరికి దీన్ని లైన్ల పెడ్త."

"కొట్టకుండ్రి సార్, చిన్న పానం."

"నీ లెక్క బతిమాలితే కుక్క ఇంటదా? నీ మాట నీ ఇంట్ల మనుషులే ఇనరు."

గోడ అవతల ఆయన భార్య కిసుక్కున నవ్వింది.

నేను తిరిగి రాగానే గేటు దగ్గరే విజిల్ ఊదాడు. కుక్క నేలకు అతుక్కుపోయింది. గడ్డం సిమెంటుకు ఆనించి, చెవులు వెనక్కి మడిచి.

"చూసినవా అక్కా, ఎట్ల పండుకున్నదో."

చూశాను. దాని కింద తడి మెల్లగా పాకుతోంది. ఆయనా చూసి చెప్పు అందుకున్నాడు. నేను కుక్కను ఎత్తుకుని ఇంట్లోకి వచ్చేశాను. అది మంచం కిందికి దూరింది. నిమురుదామని చెయ్యి చాపితే, దెబ్బ పడుతుందని కళ్లు గట్టిగా మూసుకుంది. నా చెయ్యిని చూసి, పిల్లలూ. ఆ ఒక్కదానికి నేను సారును క్షమించలేదు, ఇప్పటికీ.

తగాదా పెట్టుకోలేదు. నా గొంతు లేవదని మీకు తెలుసు కదా.

పొద్దున్నే కాలనీ గ్రౌండులో పెద్దమనుషులతో సారు కసరత్తు చేయిస్తాడు. ఆ విజిల్ మోగితే చాలు, కుక్కకు వణుకు. నేను కోడి కార్జం ఉడకబెట్టి, గోరంత ముక్కలు చేసి, కవర్లో పెట్టి కొంగుకు ముడేసుకున్నాను. మొదట తలుపులన్నీ మూసి, విజిల్ లీలగా వినబడే వెనక గదిలో కూర్చున్నాను. మోగిన వెంటనే ఒక ముక్క. మోగకపోతే లేదు. పిలవలేదు, పట్టి లాగలేదు. మంచం కిందికే అందించాను. అది బెదరడం తగ్గిన కొద్దీ వెనక గది నుంచి వసారాకు, వసారా నుంచి గేటుకు జరిగాను. వానలు మొదలయ్యేసరికి విజిల్ వినగానే తోక లేపి నా కొంగు వంక చూడసాగింది.

సారు ఊదిన ప్రతిసారీ లోలోపల అనుకునేదాన్ని: ఊదు, ఇంకా గట్టిగా ఊదు, నా పని నువ్వే చేస్తున్నావు.

పంద్రాగస్టు ముందు గేటు దగ్గరికొచ్చి, "జెండా ఎగిరినంక నీ కుక్కను పట్టుకరా అక్కా. డిసిప్లిన్ అంటె ఏందో కాలనీవోళ్లకు చూపిస్త" అన్నాడు.

"తీసుకొస్త సార్" అన్నాను.

ఆ రోజు జెండా ఎగిరాక సారు అందరి ముందూ విజిల్ ఊది, "డౌన్" అని చెయ్యి చాపాడు. కుక్క జనం కాళ్ల మధ్య నుంచి దూసుకొచ్చి, నా ముందు వెనక కాళ్ల మీద నిలబడింది. ఇంకా గట్టిగా ఊదాడు. అది గుండ్రంగా గంతులేసింది. నేను ముక్క మీద ముక్క పెడుతూనే ఉన్నాను.

"సార్, నీ డిసిప్లిన్ డ్యాన్స్ చేస్తాంది" అన్నారెవరో.

"ఇంకోసారి ఊదుండ్రి సార్, పోరగాండ్లు చూస్తాండ్రు."

ఆయన భార్య ఈసారి కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. ఆ నవ్వు నాకు చాలా తియ్యగా ఉంది.

కొన్నాళ్లకు సారు మా గేటు దగ్గర నిలబడి, "అది ఇగ నా దగ్గరికి రాదా అక్కా?" అని అడిగాడు.

"ఎందుకు రాదు సార్. కింద కూసోండ్రి. చెయ్యి చాపి, పిలవకుండ. దానంతట అదే రావాలె."

అప్పటి నుంచి రోజూ వచ్చి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ మా వాకిట్లో కూర్చుంటాడు. ఖాళీ చెయ్యి చాపుతాడు. కుక్క నా ఒళ్లో పడుకుని ఆయన్నే చూస్తుంటుంది.

"ఇంకెంతసేపు అక్కా?"

"జర ఓపిక పట్టుండ్రి సార్. భయం పోవాలె గద."

ఆ చేతిలో ఒక్క కార్జం ముక్క పెడితే అది ఎప్పుడో వచ్చేది. మీరు మీ కుక్కపిల్లకు పెట్టే నేర్పండి. సారుకు మాత్రం ఈ సంగతి నేనింకా చెప్పలేదు.