పొలి చల్లిన పొలిమేరకు అవతల

మీ ఊరి పొలిమేర దాటిన చోట, మిర్చి తోట పక్కన రేకుల షెడ్డులో ఒక స్త్రీ పురిటి నొప్పులు పడుతుంటే ఆమె బాధ్యత ఎవరిదో మీరు చెప్పగలరా? ‘ప్రభుత్వానిది’ అని తేలిగ్గా అనకండి. ఏ రాష్ట్రానిది, ఏ జిల్లాది, ఏ అధికారిది? కరోనా మొదటి వేసవి అంతా నేను ఫోను చెవికి ఆనించుకుని ఈ ప్రశ్నే అడిగాను.

జనగామ నుంచి అక్కను చూడడానికి వెళ్లి, బస్సులు ఆగిపోవడంతో ఆమె ఊళ్లోనే చిక్కుకున్నాను. ఆ ఊరు జనగామ జిల్లా చివర ఉంది. వాగు దాటితే మహబూబాబాద్ జిల్లా. బావ మిర్చి తోట వాగుకు అవతల. కాయ ఏరడానికి ఏటా పొరుగు రాష్ట్రం నుంచి, గోదావరి అవతలి అడవి పల్లెల నుంచి కూలీలు వస్తారు. తోట దగ్గరే షెడ్డులో ఉండి, పని అయ్యాక వెళ్లిపోతారు. ఆ ఏడు పని అయిపోయింది. వెళ్లడానికి మాత్రం దారి లేదు.

అయినా నడిచారు. ఎండలో, పిల్లల్ని ఎత్తుకుని భూపాలపల్లి దాకా నడిచారు. నది అవతలి వాళ్లు రానివ్వడం లేదని అక్కడ చెక్‌పోస్టులో ఆపి, వ్యానులో ఎక్కించి, తెచ్చి మళ్లీ బావ తోటలోనే దింపిపోయారు. వాళ్లలో ఒకామె నిండు గర్భిణి. ఆమె కూడా అంత దూరమూ నడిచింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఊరు మూసుకుంది. దారికి అడ్డంగా ముళ్ల కంపలు ఆ రోజుల్లో అన్ని ఊళ్లూ వేశాయి. ఈ ఊరు ఇంకో అడుగు ముందుకు వేసింది. ఊరి నడిబొడ్డున గ్రామదేవతగా కొలిచే బొడ్రాయిని నిలిపే పండుగనాడు పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు, అంటే పసుపు కలిపిన అన్నం. చల్లాక కట్టు విప్పేదాకా బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. టీవీలో లాక్‌డౌన్ అనగానే ఊరి పెద్దలకు అర్థమైంది ఈ కట్టే. సర్కారే కట్టు కట్టమన్నదని పొలి చల్లించి, వాగు వైపు దారి మీద బూడిదతో గీత గీశారు.

“పసుపన్నం చూసి వైరస్ ఆగుతుందా బావా?” అన్నాను.

“మరి సర్కారు గీసిన గీత జూసి ఆగుతదా? నీ లెక్చర్ జనగామల జెప్పుకో బామ్మర్ది.”

“వాళ్ల చేతులతోటి ఏరిన కాయలే గదా నీ వాకిట్ల ఎండుతున్నయ్? అవెట్ల లోపలికొచ్చినయ్?”

“మిర్చి ఘాటుకు ఏ రోగమన్న బతుకుతదా?” అన్నాడు బావ. అరుగు మీద ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు.

నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. వాగుకు అటువైపు అధికారి, “రైతు మీ జిల్లా ఆయన గదా సార్, మాకేం సంబంధం?” అన్నాడు. ఇటువైపు అధికారి, “షెడ్డు వాళ్ల జిల్లాల ఉన్నది, వాళ్లనే అడుగున్రి” అన్నాడు. భూపాలపల్లి నుంచి ఒకాయన మర్యాదగానే, “మేం దాటిస్తమన్నా అవతల తీసుకోవాలె గద సార్” అన్నాడు. రేషన్ కార్డు లేని వలస కూలీలకూ బియ్యం ఇస్తామన్న ప్రకటన నా చేతిలోని పేపర్లోనే ఉంది. ఆ బియ్యం వాగుకు ఏ ఒడ్డున దిగాలో ఎవరూ తేల్చలేదు కనుక ఏ ఒడ్డునా దిగలేదు. అక్క వండి పంపేది, బావ తిట్టుకుంటూ గీత దగ్గర పెట్టి వచ్చేవాడు.

గర్భిణి భర్త ఏళ్లుగా వస్తున్నవాడు, తెలుగు నేర్చాడు. గీత అవతల నిలబడి నన్ను అడిగాడు: “అన్నా, ఆడ పోతే మా రాష్ట్రం వద్దంటది. ఈడ ఉంటే మీ జిల్లా కాదంటది. మరి మేం ఇప్పుడు ఏడ ఉన్నం?”

ఒక మధ్యాహ్నం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. ఫోను చేస్తే అంబులెన్స్ జనగామ వైపు నుంచి వచ్చి ఊరికి ఆ చివర ముళ్ల కంప దగ్గర ఆగింది. వాగు అవతల షెడ్డుకు వచ్చే దారిని వేరే ఊరివాళ్లు అడ్డంగా తవ్వేశారు. తోటి కూలీలు ఆమెను మంచం మీద మోసుకొచ్చి ఈ చివర గీత దగ్గర దింపారు. బండికీ మనిషికీ మధ్య ఊరు అడ్డం.

సర్పంచ్ చేతులు చాపి నిలబడ్డాడు. “కట్టు తెగితే ఊరికి కీడు. రేపు ఎవలికన్న ఏమన్నయితే నువ్వొస్తవా సారూ?”

బతికే హక్కు రాజ్యాంగం ఇచ్చిందని, అది గర్భిణికి ఊరు పెట్టే భిక్ష కాదని గొంతు చించుకున్నాను.

“రాజ్యాంగం జనగామల ఉంటది సారూ, ఈడ బొడ్రాయి ఉంటది.”

మంచం మీద ఆమె పళ్లు బిగించి మూలుగుతోంది. అప్పుడు అక్క కొంగులో బియ్యం పోసుకుని వచ్చింది.

“ఏందయ్యా సర్పంచ్! బొడ్రాయి నిలిపిన నాడు ఊరి ఆడబిడ్డ లేకుంటె కట్టు నిలుస్తదా? ఏడున్నా పిలిపిచ్చి ఒడిబియ్యం పోస్తలేమా? గీ పిల్ల నా ఇంటి ఆడబిడ్డ. రానియ్యకుంటె నీ కట్టు ఉత్త బూడిదే. జరుగు!”

గీత దాటిపోయి గర్భిణి ఒడిలో బియ్యం పోసింది. సర్పంచ్ చేతులు దించి పక్కకు జరిగాడు. బావ కండువా నడుముకు చుట్టి మంచం ఒక కోడు పట్టుకున్నాడు. భర్త వెంట అడుగు వేయబోతే ఆపారు. “కట్టుల అల్లునికి జాగ లేదు బిడ్డా” అని ఎవరో అంటే జనం నవ్వారు. అతను గీత దగ్గరే కూలబడ్డాడు.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. కబురు వచ్చినప్పుడు అక్కను అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. కొన్నాళ్లకు దవాఖాన నుంచి పంపేశారు. బండి మళ్లీ ముళ్ల కంప దగ్గర దింపింది. ఊరు దాటించి, పసిగుడ్డుతో సహా ఆమెను మళ్లీ గీత అవతలికే పంపారు.

“ఒడిబియ్యం పోసినంక ఆడబిడ్డ అత్తగారింటికి పోవాలె గద సారూ” అన్నాడు సర్పంచ్. అత్తగారిల్లంటే సలసల కాగే ఆ రేకుల షెడ్డు. ఎన్నడు కదులుతారో ఎవరికీ తెలియదు. అందులో మిగిలిన మగవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఏ ఇంటికీ ఆడబిడ్డలు కారు. వాళ్లకు జ్వరమొస్తే ఏ వరస కలిపి దాటించాలి? అక్క మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఒక మనిషి దవాఖానకు చేరడానికి ముందు ఎవరికో చెల్లెలు కావలసి వచ్చిందంటే, అక్కడ ప్రభుత్వం లేదని అర్థం. తిండి, వైద్యం, ఇంటికి చేరే దారి చుట్టరికాలను బట్టి అందేవి కావు, కాకూడదు.

చివరికి ఒక ఉదయం ఏదో వ్యాను వచ్చి వాళ్లను ఎక్కించుకుపోయింది. ఎవరు పంపారో ఎవరూ చెప్పలేదు. ఇల్లు చేరారో, మళ్లీ ఏ చెక్‌పోస్టులో ఆగారో ఈనాటికీ నాకు తెలియదు.

మీ పొలాల్లోకి ఈ ఏడూ బయటి కూలీలు దిగుతారు. వచ్చే గ్రామసభకు వెళ్లండి. లేచి నిలబడి, మా ఊరి పంట ఏరుతున్న ఈ మనుషులకు ఆపదొస్తే తిండి ఎవరు పెడతారు, దవాఖానకు ఎవరు చేరుస్తారు, ఇంటికి ఎవరు పంపిస్తారు అని అధికారిని ముఖం మీదే అడగండి. ఫలానా అధికారి బాధ్యత అని తీర్మానం చేయించండి. పక్క జిల్లాను చూపిస్తే ఒప్పుకోకండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.