రాజమ్మ సిస్టర్ నడక

కరీంనగర్‌లో నేను పనిచేసే గుండె వార్డులో మానిటర్ కూత వేగం అందుకుందంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. కొత్తగా చేరిన నర్సు పిల్లలు చెప్పులు టపటపలాడిస్తూ పరుగెత్తుతారు. నేను నడిచి వెళతాను. మేడమ్‌కు చీమ కుట్టినట్టయినా లేదని వాళ్లు వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. ఆ నడక నాకు బెల్లంపల్లిలో రాజమ్మ సిస్టర్ నేర్పింది.

నేను మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో అరవనిదే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. పదిహేనేళ్ల కిందట బెల్లంపల్లిలోని ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన రోజున కూడా అదే గొంతుతో ఏదో అడిగాను. హెడ్ నర్సు రాజమ్మ సిస్టర్ కళ్లద్దాల పైనుంచి చూసి, "పిల్లా, మగ్గం ఇంటికాడనే ఇడిసిపెట్టి రా" అన్నది. పొట్టి మనిషి, రూపాయి బిళ్లంత బొట్టు. ఆమె నోటికి డాక్టర్లు కూడా జడిసేవాళ్లు. మొదటి నెలంతా ఆమె నీడ కనిపిస్తే నాకు హడలే.

ఒక మధ్యాహ్నం ఓదెలు అనే బొగ్గుగని కార్మికుడు ఛాతీ పట్టుకుని వచ్చాడు. యాభై దాటినవాడు, గనిలో బొగ్గు నింపిన టబ్బులు నెట్టే పని. నొప్పి లేచాక కూడా ఏటవాలు దారంతా తన కాళ్ల మీదే ఎక్కి బయటికి వచ్చాడట. స్ట్రెచర్ మీద మోస్తే కింద ఉన్నవాళ్లు బెదురుతారని. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం దాదాపు మూసుకుపోయిందన్నాడు డాక్టరు. మందులతో నొప్పి తగ్గింది గానీ నాళం తెరిచే వసతి కరీంనగర్‌లోనే ఉంది. మంచిర్యాల నుంచి అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. ఆ గంట ఓదెలును కాపాడుకోవాలి.

రాజమ్మ సిస్టర్ మంచం పక్కన కూర్చుని నింపాదిగా అడిగింది. "ఓదెలూ, టబ్బు నూకుడు ఎప్పుడు కష్టమైతది?"

"నిండుగ బొగ్గుంటె సిస్టరమ్మా. ఎత్తు మీదికి నూకితె. ఊకె ట్రిప్పులు కొడితె. జోర్‌గ నూకితె."

"నీ గుండె గూడ గట్లనే. నిమిషానికి ఎన్ని ట్రిప్పులు కొడుతది, ఎంత జోర్‌గ నూకుతది, లోపల రక్తం ఎంత నిండింది, ముంగట ఎత్తు అంటె బీపీ ఎంతున్నది. గీ నాలుగు పెరిగినకొద్దీ దానికి ఆక్సిజన్ ఎక్కువ గావాలె. తెచ్చే తొవ్వ మూసుకపాయె. అందుకే పని తగ్గియ్యాలె. లేవకు, ఫికర్ చెయ్యకు, ఎవలొచ్చినా దండం పెట్టకు." తర్వాత నా వైపు తిరిగింది. "ఇన్నవా? మంచం దిగనియ్యకు."

విన్నాను. అయినా తప్పు చేశాను. ఆమె మందుల గదికి వెళ్లగానే ఓదెలు మూత్రానికి పోవాలన్నాడు. ప్లాస్టిక్ డబ్బా అందిస్తే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "నా బిడ్డ అసొంటిదానివి. నీ ముంగట గీ పని నాతోటి గాదు తల్లీ. నాలుగు అడుగులే గదా." ఆయన కళ్లలో నీళ్లు చూసి నా మనసు కరిగింది. నాలుగడుగులే కదా అని నేనే చెయ్యి పట్టుకుని నడిపించాను.

తిరిగొచ్చేటప్పటికి గని సైరన్ మోగింది. షిఫ్టు దిగిన తోటి కార్మికులు మసి ముఖాలతోనే వార్డు గుమ్మంలోకి వచ్చారు. వాళ్లను చూసి ఓదెలు నిటారుగా నిలబడి దండం పెట్టబోతూ రెండు చేతులూ ఎత్తాడు. ఎత్తిన చేతులు అట్లాగే ఛాతీ మీద పడ్డాయి. మంచం మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. తీగలు మళ్లీ తగిలిస్తే మానిటర్ గుండె వేగం నూట ముప్పై చూపింది. నేను "సిస్టర్!" అని అరుస్తూ పరుగు తీశాను.

ఆమె నడిచి వచ్చింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఉరుకకు. నువ్వు ఉరికితె ఆయన గుండె ఉరుకుతది" అన్నది చెవిలో. గుమ్మంలోని వాళ్లను ఒక్క చూపుతో వెనక్కి పంపింది. మంచం తలవైపు ఎత్తింది, బీపీ చూసింది, డాక్టరును పిలిపించింది. ఆయన రాగానే, "ఏమైందో సార్‌కు నువ్వే చెప్పు. దాస్తె మందు తప్పుతది" అన్నది. అందరి ముందూ చెప్పాను. భూమి చీలితే బాగుండుననిపించింది. డాక్టరు ఓదెలు నాలుక కింద మాత్ర పెట్టించి, గుండె వేగం తగ్గే ఇంజక్షన్ మెల్లగా ఎక్కించాడు. రాజమ్మ సిస్టర్ ఓదెలు చెయ్యి వదల్లేదు. "టబ్బు ఆపినం ఓదెలూ. జర దమ్ము తీస్కో" అంటూనే ఉంది. నూట ముప్పై నూటపది అయింది, తొంభై అయింది. అంబులెన్సు వచ్చేదాకా నేను ఆ అంకెల మీది నుంచి చూపు తిప్పలేదు.

మూడు నెలల తర్వాత ఓదెలు తన కాళ్ల మీద వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "ఇప్పుడు పెట్టు దండం" అని నవ్వింది ఆమె. తర్వాత నాకూ చేతులు జోడించబోయాడు. తట్టుకోలేక ఆ చేతులు పట్టుకున్నాను. "నాకు వద్దు కాకా. ఆ రోజు నిన్ను నడిపించింది నేనే."

"ఎరుకే బిడ్డా. అడిగింది నేను గాదా?" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

రాజమ్మ సిస్టర్ పోయి నాలుగేళ్లు. ఈ పొద్దున కూడా మానిటర్ కూసింది. నేను నడిచే వెళ్లాను. నాకు చీమ కుట్టినట్టయినా ఉండదనుకునే పిల్లలకు తెలియదు, ప్రతిసారీ నా గుండె పరుగెడుతూనే ఉంటుంది. మంచం మీది మనిషికి అది తెలియనివ్వను, అంతే.