కొమురెల్లి కట్టిన పుస్తకాల చాక్

నా తమ్ముడు కొమురెల్లి మైనింగ్ సర్దార్ పరీక్ష నాలుగోసారికి పాసయ్యాడు. 1988లో. మా ఇద్దరి చదువూ ఊరి బడిలో ఐదో తరగతితో సరి. అలాంటివాడు బొగ్గు తట్టలు మోసే ఫిల్లరుగా బాయిలో, అంటే గనిలో దిగి, ఏడేళ్లకు ఒక షిఫ్టు మనుషుల ప్రాణాలకు జవాబు చెప్పే సర్దార్ అయ్యాడు. మా ఊరి నుంచి గోదావరిఖనికి వచ్చిన నలభై మందిలో ఆ మెట్టు ఎక్కినవాడు వాడొక్కడే. నేను అన్ననే అయినా, చివరిదాకా పైకప్పుకు కర్రలు నిలబెట్టే టింబర్‌మెన్‌గానే ఉన్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

వాడి ఘనతలు ఇంకా ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు సర్దార్‌గా చేస్తే, వాడి డ్యూటీలో ఒక్క శవం పైకి రాలేదు. 1997లో ఒక పగటి షిఫ్టులో కర్రతో పైకప్పు తట్టి చూసి, బోలుగా మోగిందని పదకొండు మందినీ కదిలించాడు. సదయ్య అనే ఫిల్లరు తట్టా, బొగ్గు ఎత్తే సెమ్మాసూ తీసుకుందామని వంగితే, వాడి మెడ మీద ఒక్కటి పెట్టి, "అన్నీ ఆడనే ఇడువుండ్రి! ఉత్త చేతులతోని నడువుండ్రి!" అని అరిచాడు. ఇరవై నిమిషాలకు కప్పు కూలింది. సదయ్య సెమ్మాసు ఇప్పటికీ ఆ బండల కిందే ఉంది. సదయ్య మాత్రం మనవరాలిని రోజూ బడిలో దింపి వస్తాడు. ఆ ఏడు కంపెనీ రక్షణ పక్షోత్సవాల్లో మా వాడికి శాలువా కప్పారు.

ఇక పుస్తకాల సంగతి. అది కూడా ఆ పరీక్షతోనే మొదలైంది.

మూడోసారి ఫెయిలైనప్పుడు బోర్డు వాళ్లు అడిగిన ఒక ప్రశ్నకు వాడు నోరు తెరవలేకపోయాడు. తిరిగొచ్చాక లక్ష్మీనగర్‌లో పట్టాభిరామయ్య గారి పుస్తకాల దుకాణానికి వెళ్తే, ఆ ప్రశ్నా జవాబూ రెండూ ఒక చిరిగిన గైడులో కనిపించాయి. పరీక్షకు ముందు నెల వాడు చేతిలోకి తీసుకుని, తిరగేసి, మళ్లీ అరలో పెట్టేసిన గైడే అది. ఒక ఏడాది పోయింది. "అన్నా, నేను మల్ల అరల వెట్టినదాంట్లనే ఉన్నది" అని ఆ రోజు నా దగ్గర ఏడ్చాడు. ఆ తర్వాత వాడు చేతిలోకి తీసుకున్న పుస్తకాన్ని మళ్లీ అరలో పెట్టగా నేను చూడలేదు.

పట్టాభిరామయ్య గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. అమ్ముకునే మనిషే అయినా, ఆయనకే జాలి వేసేది.

"సర్దార్‌గారూ, మొన్న పట్టుకెళ్లినవి చదివేశారేంటండీ?"

"చదువుడేంది సార్, ఇంక కట్టలే ఇప్పలె. గది ఇటియ్యి."

"ఇది ఊరగాయల పుస్తకమండీ!"

"ఉండనియ్యి సార్. ఎప్పుడేది పనికొస్తదో మనకేమెర్క?"

హోమియోపతి, కుట్టుపని, తేనెటీగలు, హిందీ వ్యాకరణం, రేడియో రిపేరు. కరీంనగర్ వెళ్లినా, దవాఖాన పని మీద హైదరాబాద్ వెళ్లినా, సంచి నిండేదాకా వాడి కాలు బస్‌స్టాండు వైపు తిరగదు. వాడి భార్య, మా మరదలు సారవ్వ అంటుండేది: "ఊరగాయల ఉప్పెంతనో గా పుస్తకమే జెప్తది. ఇగ అన్నం గూడ దాన్నే వెట్టమను." వాడు నవ్వేవాడు. చదివాడా అంటే, పదింటిలో ఒకటి చదివాడేమో.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఒక పాత ఇల్లు కొన్నాడు. ముందుగది స్లాబులో చువ్వలు తుప్పు పట్టి, అడ్డంగా పగులు వచ్చింది. నిరుడు ఎండాకాలం, వానలకు ముందే బాగు చేయించాలని సారవ్వ వెంటపడితే, ఫ్యాక్టరీ నుంచే సిమెంటు తెస్తానని బసంత్‌నగర్ బస్సెక్కాడు. బస్సు పెద్దపల్లిదాకా పోతుంది. ఆ రోజు పెద్దపల్లిలో ఎవరో దుకాణం మూసేస్తూ పుస్తకాలు తూకానికి ఇస్తున్నారని పక్క సీటాయన చెప్పాడట. సాయంత్రం ఆటోలో నాలుగు సిమెంటు సంచులు దిగాయి. విప్పితే అన్నీ పుస్తకాలే.

సారవ్వ నెత్తి కొట్టుకుంది. "సిమెంటు తెమ్మంటె కాయితం తెచ్చినవా? ఇగ కాయితంతోనే కట్టు నీ స్లాబు!"

కోపంలో అన్న మాట. వాడు దాన్ని నిజంగానే చేసి చూపించాడు.

బాయిలో పైకప్పు బరువు మోయడానికి చాక్ కడతాం. రెండు దుంగలు నేల మీద పొడవుగా పరిచి, వాటి మీద రెండు అడ్డంగా, మళ్లీ రెండు పొడవుగా, అలా కప్పుదాకా పేర్చి, పైన మిగిలిన సందులో చెక్క ముక్కలు కొట్టి బిగిస్తాం. కొమురెల్లి లావు పుస్తకాలను దుంగల్లాగా తాళ్లతో బిగించి కట్టి, ఆ పగులు కింద మూడు చాకులు నిలబెట్టాడు. నన్ను పిలిచాడు. ముప్పై నాలుగేళ్లు చాకులు కట్టిన చేతులు నావి. వాటిని తట్టాను, భుజంతో నెట్టాను. కదలలేదు.

"ఆ మూలకు ఇంకో రెండు ముక్కలు కొట్టు. సాలు, మంచిగున్నది" అన్నాను.

వాడు కర్రతో స్లాబు తట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఇన్నవా అన్న? గట్టిగ మోగుతున్నది."

"మంచిగున్నది" అన్నవాణ్ని నేనే. వాడు చేసిన తప్పులో సగం నాది. అది ఇక్కడ రాయకపోతే వాడి ఘనతలు రాసే హక్కు నాకు ఉండదు.

నిరుడు వానాకాలం ఆ చాకులు నిలిచాయి. వాడలో వాళ్లు వచ్చి చూసిపోయారు. సిమెంటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొమురెల్లికైతే పుస్తకాలు కొనడానికి కొత్త సాకు కూడా దొరికింది: ఇంకో చాక్ కడితే ఇంకా గట్టి.

ఈ ఏడు జూలైలో నాలుగు రోజులు వాన ఆగలేదు. గోడ వెంట నీళ్లు దిగి, నేల మీద నిలిచి, అడుగు కట్టల్లోకి ఎక్కాయి. బాయిలో కర్ర మీద బరువు పడితే అది ముందే కిర్రుమంటుంది. కర్ర మాట్లాడుతుంది అంటాం మేము. ఆ మాట విని ఎన్నిసార్లు ఉరికి బతికామో! కాగితం ఏమీ చెప్పలేదు. లోపల లోపల మెత్తబడి పక్కకు జారింది.

జూలై పద్దెనిమిది, శుక్రవారం. పగలు పదకొండు గంటలు. సారవ్వ ముందుగదిలో చీపురుతో నీళ్లు బయటికి తోస్తోంది. కొమురెల్లి "ఊకె చూసొస్త" అని చెప్పి పట్టాభిరామయ్య గారి దుకాణంలో ఉన్నాడు. పక్కింటి యమున ఫోన్ చేస్తే, చేతిలో ఉన్నది చేతిలోనే పట్టుకుని ఉరికి వచ్చాడు. స్లాబు పెచ్చు ఒకటి, దాని మీద తడిసిన పుస్తకాలు, వాటి కింద సారవ్వ. పదకొండు మందిని బయటికి తెచ్చినవాడు, సొంత భార్యను పుస్తకాల కింద నుంచి ఒక్కొక్క కట్ట తీసి బయటికి లాగాడు. కరీంనగర్ దవాఖానలో ఆపరేషన్ గది ముందు కూర్చున్నప్పుడు చూశాను, వాడి చంకలో ఒక పుస్తకం. గొర్రెల పెంపకం. దాని పైసలు పట్టాభిరామయ్య గారు ఇప్పటికీ అడగలేదు.

తుంటి ఎముక విరిగింది. రాడ్డు వేశారు. ఇక జన్మంతా వాకర్‌తోనే నడవాలని చెప్పారు. తెలివి వచ్చాక సారవ్వ వాడి మొహం చూడకుండా అంది:

"బాయిల ఎవలెవల్నో కాపాడినవ్. ఇంట్ల నా నెత్తి మీద కాయితం నిలవెట్టినవ్. ఒక్క పుస్తకమున్నా నేను గా గడప తొక్క."

కూతురు మమత తల్లిని బసంత్‌నగర్‌లోని తన ఇంటికి తీసుకుపోయింది. ఇక్కడ పుస్తకాలు చాకుల్లో ఉన్నవే కాదు, మంచం కింద, అటక మీద, బియ్యం డబ్బా పక్కన కూడా ఉన్నాయి. తడిసినవి ఎండబెట్టి, ఎండినవి కట్టలు కట్టడానికి ఇద్దరికీ రెండు వారాలు పట్టింది. ముందుగదిలో ఈసారి నేను నిజం దుంగలతో చాక్ కట్టాను. అన్నీ తీసుకునే స్తోమత తనకు లేదని పట్టాభిరామయ్య గారు ఒక దారి చెప్పారు. హైదరాబాద్‌లో ఆయనకు తెలిసిన పాత పుస్తకాల వ్యాపారి ఉన్నాడు. కొమురెల్లి స్వయంగా వెళ్లి, గోదాములో కూర్చుని ఏ రకానికి ఆ రకం వేరు చేసి పెడితే అన్నీ తీసుకుంటాడు. ఐదారు రోజుల పని.

మమత తల పట్టుకుంది. "పెద్దనాయినా, పిల్లిని పాలకాడ కావలి వెట్టినట్టున్నది. నువ్వన్న వెంబడి పో."

"ఎవ్వలద్దు" అన్నాడు కొమురెల్లి. "నేనొక్కన్నే పోయి ఉత్త చేతులతోని రాకుంటె, మీ అవ్వ నన్నెందుకు నమ్మాలె?"

బ్యాంకు కార్డు తీసి సారవ్వ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని దిండు కింద తోసింది.

"ఎప్పుడొస్తవ్?" అంది. దెబ్బ తగిలిన నాటి నుంచి ఆమె వాడిని అడిగిన మొదటి మాట అదే. వాడు తారీకు చెప్పాడు.

ఆగస్టు పన్నెండున పుస్తకాల ట్రాలీలోనే డ్రైవరు పక్కన కూర్చుని పోయాడు.

నిన్న ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అన్నా, పని ఒడిసింది. షావుకారు పైసలకు బదులు పుస్తకాలు తీస్కపొమ్మంటున్నడు. నచ్చినయి ఏరుకొమ్మన్నడు. అన్నా, గిక్కడ ఏమున్నయనుకున్నవ్... నిండు గోదాము."

"నువ్వేమన్నవ్?"

"రేపు జెప్త అన్న."

"కొమురెల్లీ, సదయ్య సెమ్మాసు కోసం వంగితె నువ్వేం జేసినవ్?"

ఫోన్‌లో కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఒకటి, ఇంకొకటి. తర్వాత లైను తెగింది. ఈ రోజు పొద్దటి నుంచి చేస్తున్నాను, ఎత్తడం లేదు.

మధ్యాహ్నం బసంత్‌నగర్ పోయాను. సారవ్వ వాకర్ పక్కన పెట్టుకుని తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. మమత తల్లి చీరలు సంచిలో సర్ది పెట్టింది, ఇంటికి తీసుకుపోవడానికో ఏమో. ఆ సంచి మూతి ఇంకా కట్టలేదు.

"బావా, ఏమన్నడు?"

గోదాము సంగతి చెప్పడానికి నోరు రాలేదు. వాడు వస్తానన్న రోజు మాత్రం చెప్పాను: ఆగస్టు పద్దెనిమిది, సోమవారం.